గుల్ల ఉన్నవన్నీ ఒకే జట్టా? (ఆరో తరగతి పిల్లల బీచ్ ప్రాజెక్ట్, సలహాలు కావాలి)

వాసంతి_టీచర్
అందరికీ నమస్కారం. భీమిలి వైపు ఒక హైస్కూల్లో సైన్స్ చెబుతాను. జీవుల వర్గీకరణ పాఠం బోర్డు మీద చెబితే సగం మంది ఆవలిస్తారని, మొన్న ఆదివారం ఆరో తరగతి వాళ్లను మంగమారిపేట రాళ్ల దగ్గరికి తీసుకెళ్లాను. "ఒడ్డుకు కొట్టుకొచ్చినవి చూడండి, మీకు తోచినట్టు జట్లు కట్టండి, ఎందుకలా కట్టారో మాత్రం చెప్పాలి" అన్నాను.

వాళ్లు నాలుగు జట్లు కట్టారు. గుల్ల ఉన్నవి: ఆల్చిప్పలు, నత్త గుల్లలు, పీత డిప్ప, రాళ్లకు అతుక్కుని ఉండే చిన్న తెల్లటి బార్నకిల్స్, ముళ్లు రాలిపోయిన సముద్రపు అర్చిన్ డొల్ల. మెత్తగా ఉన్నవి: రాళ్ల గుంటల్లో చూసిన సీ అనిమోన్, జెల్లీ చేప ముక్క, వలల దగ్గర పడి ఉన్న స్క్విడ్. మొక్కలు: పచ్చ, ఎరుపు, గోధుమ రంగు నాచులు. చివరిది "పొడుగువి". అందులో ఒక్కటే ఉంది. చారలతో, చచ్చిపోయి ఇసుకలో పడి ఉంది. ఫోటోలు పెడుతున్నాను. సగం క్లాసు పాము అంది, సగం క్లాసు మలుగు చేప అంది. ఇంచుమించు కొట్టుకున్నారు.

నాకు రెండు సందేహాలు. ఆ పొడుగుది ఏమిటి? పిల్లలు కట్టిన జట్లను "తప్పు" అనాలా, వద్దా? పుస్తకంలో ఉన్నట్టు లేవు. కానీ వాళ్లు చెప్పిన కారణాలు బాగానే ఉన్నాయి.

జాలారిపేట_కుర్రోడు
మేడమ్, ముందు ఒక్క మాట. పిల్లలెవరైనా దాన్ని ముట్టుకున్నారా? ఫోటోలో ఉన్నది సంద్రపు పాము. మా వలల్లో పడుతూనే ఉంటాయి. చచ్చిందనుకుని చేత్తో తీస్తే అంతే సంగతులు. మేము కర్రతో ఎత్తి నీళ్లలోకి విసిరేస్తాం.

వాసంతి_టీచర్
చేత్తో ముట్టుకోలేదు. ఒకడు పుల్లతో తిప్పాడు, నేను అరిచాను. అది పామే అని మీరు అంత గట్టిగా ఎలా చెప్పగలిగారు? నాకు ఆ "ఎలా" కావాలి, పిల్లలకు చెప్పడానికి.

జాలారిపేట_కుర్రోడు
తోక చూడండి, తెడ్డులా పక్కలకి నొక్కేసినట్టు ఉంది. నేల పాము తోక గుండ్రంగా సన్నబడుతూ పోతుంది. మా నాన్న నేర్పింది అదే.

కెమెరా_కిరణ్
నేను ఫోటోలను ఐనాచురలిస్ట్ యాప్‌లో (ఫోటో చూసి జీవి పేరు సూచించేది) పెట్టి చూశాను. మొదటి ఫోటోకి సీ క్రెయిట్ అనే సముద్రపు పాము అంది, రెండోదానికి ఇంకో సముద్రపు పాము పేరు చెప్పింది. ఒకే జంతువు, ఒకే ఫోను, రెండు పేర్లు 😄 అందుకే దాన్నే నమ్ముకుని కూర్చోకూడదు.

కోస్తా_కవిత
మెరైన్ బయాలజీ చదివాను కాబట్టి నా రెండు మాటలు. జాలారిపేట అన్న చెప్పింది నేల పాముకీ సముద్రపు పాముకీ తేడా. దానికి తోక చాలు. పిల్లల తగువు పాముకీ మలుగుకీ మధ్య కాబట్టి ఇక్కడ తోక ఒక్కటే చూస్తే చాలదు. చాలా మలుగుల్లో వీపు మీది ఈత రెక్క, తోక, కింది రెక్క కలిసిపోయి, ఆ చివర కూడా చదునుగానే కనిపిస్తుంది. చారలు అసలే లెక్కలోకి రావు. సీ క్రెయిట్ లాగే నలుపు తెలుపు చారలుండే మలుగులూ ఉన్నాయి.

మరి ఏం చూడాలి? మూడో ఫోటో పెద్దది చేసి చూడండి. ఒంటి నిండా పొలుసులు కనిపిస్తున్నాయి. తల వెనక మొప్ప చీలిక లేదు. వీపు పొడవునా ఈత రెక్క లేదు. అదే మలుగైతే, అది చేప కాబట్టి మొప్పలుండాలి, వాటికి బయటికి ఒక రంధ్రమో చీలికో ఉండాలి. ఇక్కడ లేదు. ఇది పామే.

ఇక సీ క్రెయిట్ సంగతి. అవి గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి, నేల మీద పాకాలి కాబట్టి పొట్ట కింద పొలుసులు వెడల్పుగా ఉంటాయి. పుల్లతో తిప్పినప్పుడు తీసిన ఫోటోలో పొట్ట కింద పొలుసులు చిన్నవిగా ఉన్నాయి. అంటే నీళ్లలోనే పిల్లల్ని కనే రకం, హైడ్రోఫిస్ ప్రజాతి. అక్కడితో ఆగుతాను. జాతి పేరు చెప్పాలంటే మెడ దగ్గరా నడుము దగ్గరా పొలుసుల వరసలు లెక్కపెట్టాలి, తల మీది పలకలు చూడాలి. ఈ ఫోటోల్లో అది కుదరదు.

కెమెరా_కిరణ్
అంత దూరం వచ్చాక పేరు లేకుండా ఆగిపోతే ఎలా కవితగారూ. ఉజ్జాయింపుగా చెప్పొచ్చుగా?

కోస్తా_కవిత
చెప్పొచ్చు. మీరు దాన్ని యాప్‌లో ఎక్కిస్తారు, ఇంకెవరో "అవును" అంటారు, విశాఖ తీరంలో ఆ జాతి ఉందని రికార్డు పడిపోతుంది. ఆధారం ఎక్కడిదాకా ఉంటే పేరు అక్కడిదాకానే. "హైడ్రోఫిస్, జాతి తేలలేదు" అన్నది పూర్తి జవాబే.

గాజువాక_గణేష్
ఇంత చర్చ అవసరమా? నా లెక్కలో సముద్రంలో మూడే వర్గాలు. తినేవి, తినకూడనివి, కరిచేవి. వంజరం, చందువ, రొయ్య మొదటి దాంట్లో. ఈ పాము మూడో దాంట్లో. పిల్లలకి అది చెప్తే చాలు.

జాలారిపేట_కుర్రోడు
గణేష్ అన్నా, హార్బర్‌లో వేలం పాడేటప్పుడు మేమూ అలాగే విడదీస్తాం 😀 ఏ రకం ఎంత రేటు, ఏది ఐస్‌లో వెయ్యాలి, ఏది ఎండబెట్టాలి. పని దానితో జరుగుతుంది.

రిటైర్డ్_మాస్టారు
గణేష్‌గారి వర్గీకరణను నేను తీసిపారేయను. మనుషులు మొదట అలాగే విడదీశారు, ఇప్పటికీ మార్కెట్లో అదే నడుస్తోంది. వాసంతిగారూ, మీ పిల్లల జట్లు కూడా తప్పు కావు. అవి ఒక ప్రశ్నకు జవాబులు: "చేతికి గట్టిగా తగిలేవి ఏవి?" నేను డిగ్రీ పిల్లలకు చెప్పేటప్పుడు ఒక పరీక్ష పెట్టేవాణ్ణి. మీరు కట్టిన జట్టు, మీరు చూడని సంగతి ఏదైనా ముందుగా చెప్పగలుగుతోందా?

సముద్రపు పామునే తీసుకోండి. అది నాగుపాము, కట్లపాముల కుటుంబానిదే, ఎలాపిడే. ఆ ఒక్క ముక్క తెలిస్తే నోరు తెరిచి చూడకుండానే చాలా చెప్పొచ్చు. ముందు కోరలు కదలకుండా పాతుకుని ఉంటాయి. విషం ఉంటుంది. ఊపిరితిత్తులు ఉంటాయి, కాబట్టి గాలి కోసం పైకి రావాల్సిందే. "పొడుగువి" అన్న జట్టు ఇందులో ఒక్కటీ చెప్పదు. మలుగునీ పామునీ వానపామునీ ఒకే సంచిలో వేస్తుంది అంతే.

ఇంకో మాట, ఇది ప్రాణాలకు సంబంధించింది. మన ఆసుపత్రుల్లో దొరికే పాము విషం విరుగుడు మందును (పాలీవేలెంట్ యాంటీవెనమ్) నాలుగు నేల పాముల విషానికి తయారు చేస్తారు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. సముద్రపు పాముల విషం అందులో లేదు. కాటు నొప్పి కూడా పెద్దగా తెలియదు. కాసేపటికి ఒళ్లంతా కండరాల నొప్పులు మొదలవుతాయి. అందుకని చచ్చినదైనా సరే ముట్టుకోకూడదు, కరిస్తే ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి పోవాలి.

గాజువాక_గణేష్
సరే మాస్టారూ, పాము సంగతి ఒప్పుకున్నా. కానీ ఆ రాళ్ల మీది బార్నకిల్ ఏ జట్టులో ఉంటే ఎవరికేం? దానికి విషం లేదు, కూర కూడా కాదు.

హేచరీ_రాజు
గణేష్‌గారూ, రొయ్య పిల్లల్ని పుట్టించే మా హేచరీకి వచ్చి చూడండి ఎవరికేమో 🙂 సముద్రం నుంచి నీళ్లు తోడే పైపుల్లో అవి గూడు కట్టుకుంటే ధార సగానికి పడిపోతుంది. గీకి గీకి చేతులు పోతాయి.

నాకూ ఒక సంగతి అడగాలని ఉంది. రొయ్య గుడ్డు పిగిలితే మొదట వచ్చే పిల్లను నాప్లీ అంటాం. మైక్రోస్కోపు కింద చూస్తే మూడు జతల కాళ్లు, మధ్యలో ఒకే కన్ను. అప్పుడప్పుడు ఫిల్టర్ చేయని నీటి చుక్కలో నాప్లీ లాంటివే వేరేవి కనిపిస్తాయి, ముందు వైపు రెండు కొమ్ములతో. మా సీనియర్ టెక్నీషియన్ "అవి బార్నకిల్ పిల్లలు" అంటాడు. నిజమేనా?

రిటైర్డ్_మాస్టారు
రాజుగారూ, మీ సీనియర్‌కు నా నమస్కారం చెప్పండి. నూటికి నూరుపాళ్లు నిజం. ముందు వైపు ఆ రెండు కొమ్ములే బార్నకిల్ నాప్లీకి గుర్తు.

వాసంతిగారూ, ఇది మీ పాఠానికి దొరికిన నిధి. బార్నకిల్‌ను గుల్లల జట్టులో వేసింది మీ ఆరో తరగతి వాళ్లే కాదు. జీవుల వర్గీకరణకు పునాది వేసిన లిన్నేయస్, 1758లో అచ్చయిన తన పుస్తకం సిస్టెమా నాచురే పదో కూర్పులో ఆల్చిప్పలతో, నత్తలతో కలిపి గుల్లలున్న వాటిలోనే వేశాడు. ఆ తర్వాత ఫ్రెంచ్ శాస్త్రవేత్త కువియే కూడా మొలస్కాల్లోనే, అంటే నత్తలూ ఆల్చిప్పల జట్టులోనే, ఉంచాడు. అంతటివాళ్లకి కూడా పైన కనిపించేది గుల్లే. 1830లో జాన్ వాన్ థాంప్సన్ అనే ఆయన బార్నకిల్ పిల్లలు నీళ్లలో ఈదుతూ తిరిగి, తర్వాత రాయికి అతుక్కుని రూపం మార్చుకోవడం గమనించి చెప్పాడు. అవి రొయ్యా పీతల చుట్టాలని అప్పుడు తేలింది. డార్విన్ 1846 నుంచి 1854 దాకా ఎనిమిదేళ్లు వీటి మీదే కూర్చున్నాడు.

లోపల ఏముందో చూస్తే సంగతి అర్థమవుతుంది. జంతువు తలకిందులుగా అతుక్కుని ఉంటుంది. నీళ్లు మీదికి వచ్చినప్పుడు పై మూత తెరిచి, ఈకల్లాంటి కాళ్లు బయటికి చాపి ఆహారాన్ని లోపలికి లాక్కుంటుంది. ఆ కాళ్లకు కీళ్లుంటాయి. రొయ్యలాగే అదీ కుబుసం విడుస్తుంది. గోడలాంటి పలకలు అలాగే ఉంటాయి, లోపలి ఒంటి మీది తోలు మాత్రం వదిలేస్తుంది. గుల్లలున్న నత్త ఎన్నడూ కుబుసం విడవదు. చూశారా, "కీళ్ల కాళ్లు" అన్న ఒక్క లక్షణంతో జట్టు కడితే కుబుసం సంగతి దాని వెంట తానే వచ్చింది. "గుల్ల" అని కడితే ఏదీ రాలేదు.

హేచరీ_రాజు
అయితే ఇన్నాళ్లూ రొయ్యల్ని పెంచుతూ పైపుల్లో వాటి చుట్టాల్ని చంపుతున్నానన్నమాట.

ఎంవీపీ_అమ్మ
ఈ చర్చ చదువుతుంటే నా కడుపుమంట గుర్తొచ్చింది. మా వాడు పోయినేడాది పరీక్షలో సముద్రపు గుర్రం చేప అని రాస్తే ఇంటూ కొట్టారు. బడి పేరు చెప్పను. అడిగితే "నిలువుగా ఉంటుంది, మూతి గొట్టంలా ఉంది, చేప ఎలా అవుతుంది" అన్నారు. నేను ఇంటర్‌లో ఎంపీసీ, గట్టిగా వాదించలేకపోయాను.

కోస్తా_కవిత
మీ వాడిదే కరెక్ట్ అండీ. వెన్నెముక ఉంది, మొప్పలున్నాయి, ఈత రెక్కలున్నాయి. చేపే. ఆకారం చూసి చేప కాదనడం ఎలాంటిదో, ఆకారం చూసి తిమింగలాన్ని చేప అనడం అలాంటిదే. లిన్నేయస్ 1735 మొదటి కూర్పులో తిమింగలాలను చేపల్లో పెట్టి, 1758కి క్షీరదాల్లోకి మార్చాడు. మన దగ్గర కూడా ఇది తికమక పెట్టే విషయమే. 2021 డిసెంబరులో తంతడి బీచ్‌కి వేల్ షార్క్ కొట్టుకొచ్చినప్పుడు చాలామంది "తిమింగలం" అని వీడియోలు పెట్టారు. దాన్ని అటవీ శాఖ వాళ్లు, మత్స్యకారులు కలిసి మళ్లీ లోతు నీళ్లలోకి పంపారు. అది సొర, అంటే చేపే. తోక నిలువుగా ఉండి పక్కలకి ఊగితే చేప. అడ్డంగా ఉండి పైకీ కిందికీ ఊగితే తిమింగలమో డాల్ఫినో. పడవలోంచి చూసి కూడా చెప్పొచ్చు.

జాలారిపేట_కుర్రోడు
అవును, ఇది మావాళ్లకి బాగా తెలుసు. డాల్ఫిన్ పైకొచ్చి బుస్సుమని ఊపిరి వదులుతుంది. సొర వదలదు.

వాసంతి_టీచర్
ఇవన్నీ నోట్ చేసుకుంటున్నాను, ఆనందంగా ఉంది. కానీ అర్చిన్ డొల్ల ఎక్కడ పెట్టాలి? అది గుల్లే కదా, కాళ్లు కూడా లేవు. ఇంకొకటి. ఒకమ్మాయి పచారీ కొట్లో అమ్మే సముద్రపు నురుగు ముక్క తెచ్చి "ఇదీ గుల్లేనా టీచర్?" అంది. వాళ్లింట్లో చిలక పంజరంలో పెడతారట.

కోస్తా_కవిత
ఆ అమ్మాయికి ఒక చాక్లెట్ ఇవ్వండి. సముద్రపు నురుగు నిజంగా నురుగు కాదు. కటిల్ ఫిష్ ఒంటి లోపల ఉండే గుల్ల. స్క్విడ్‌కి దగ్గర బంధువు అది. స్క్విడ్‌ను శుభ్రం చేసేటప్పుడు లోపల గాజు ముక్కలా సన్నటి పుల్ల వస్తుంది చూడండి, అదీ పాత గుల్లకు మిగిలిన అవశేషమే. కాబట్టి పిల్లలు "మెత్తవి"లో వేసిన స్క్విడ్, "గుల్లవి"లో వేసిన నత్త, ఆల్చిప్ప, ఈ మూడూ ఒక జట్టు. గుల్ల బయట ఉందా, లోపల ఉందా, పోయిందా అన్నది తర్వాతి కథ. మాంటిల్ అనే కండ పొర ఈ అందరికీ ఉంటుంది. గుల్లను కట్టేది అదే.

అదే "మెత్తవి" జట్టులోని అనిమోన్, జెల్లీ చేప మాత్రం నిజంగానే చుట్టాలు. రెంటికీ కుట్టే కణాలున్నాయి. పగడానికీ ఉన్నాయి, అది రాయిలా గట్టిగా ఉన్నా సరే. ఒక్కోసారి మన బీచ్‌ల్లో నీలం రంగు చిన్న బిళ్లలు, చుట్టూ జుట్టులా ఉన్నవి కొట్టుకొస్తాయి కదా, బ్లూ బటన్స్, అవీ ఈ కుట్టే జట్టులోవే. అవి జెల్లీ చేపలు కావు గానీ పెద్ద జట్టు ఒకటే. చేత్తో తీయొద్దని పిల్లలకు చెప్పండి, దురద పెడుతుంది.

అర్చిన్ కోసం డొల్లను ఎండలో పట్టుకుని చూడమనండి. పై నుంచి కిందికి సన్నటి రంధ్రాల వరసలు కనిపిస్తాయి, ఐదు పట్టీలుగా. వాటిలోంచే గొట్టం పాదాలు బయటికొస్తాయి. నక్షత్ర చేప చేతులు ఐదు. ఇసుక మీద దొరికే సాండ్ డాలర్ బిళ్ల మీద పువ్వు రేకులు ఐదు. ఈ మూడూ ఒక జట్టు.

రిటైర్డ్_మాస్టారు
కవితగారు చెప్పిన దానికి ఒక మెలిక. ఈ ఐదు రేకుల జట్టు పీతలకన్నా నత్తలకన్నా మనకే దగ్గర. పిండం ఏర్పడేటప్పుడు మొదట పడే రంధ్రం పీతల్లో, నత్తల్లో సాధారణంగా నోటి వైపుకు పోతుంది. అర్చిన్‌లోనూ మనలోనూ అది మలద్వారం అవుతుంది.

ఎంవీపీ_అమ్మ
మాస్టారూ 😂 భోజనం చేస్తూ చదివాను. ఇది మాత్రం ఆరో తరగతికి వద్దు.

వాసంతి_టీచర్
ఆరో తరగతికే చెప్తే జన్మలో మర్చిపోరు మేడమ్!

గాజువాక_గణేష్
ఒక అనుమానం. ఇలా ఎవరికి వారు ఒక్కో లక్షణం ఎంచుకుంటే గొడవలు రావా? మాస్టారు "కీళ్ల కాళ్లు" అన్నారు, నేను "రంగు" అంటాను. ఏది గొప్పదో ఎవరు చెప్తారు?

రిటైర్డ్_మాస్టారు
మంచి ప్రశ్న. గొడవలు రెండు వందల ఏళ్లు నడిచాయి. విల్లీ హెన్నిగ్ అనే జర్మన్ కీటక శాస్త్రవేత్త 1950లో ఒక కొలబద్ద ఇచ్చాడు. పోలికలన్నీ సమానం కావు. ఒక పూర్వికుడిలో కొత్తగా పుట్టి, దాని వారసులందరికీ వచ్చిన లక్షణమే చుట్టరికానికి సాక్ష్యం. వేర్వేరు ఇళ్లలో విడివిడిగా పుట్టిన పోలిక సాక్ష్యం కాదు. తెడ్డు తోక మలుగుకూ పాముకూ విడివిడిగా వచ్చింది, నీళ్లలో ఈదే అవసరం కొద్దీ. అంతకంటే ముందు నుంచీ అందరికీ ఉన్న లక్షణం కూడా పనికిరాదు. పాముకీ మలుగుకీ మనకీ వెన్నెముక ఉంది. దాన్ని బట్టి పాము మలుగుకు దగ్గరో మనకు దగ్గరో తేల్చలేం. నిజానికి పాము మనకే దగ్గర.

ఒక లక్షణం దారి తప్పించవచ్చు కాబట్టి చాలా లక్షణాలను పక్కపక్కన పెట్టి చూడాలి. అన్నీ ఒకే వైపు చూపిస్తే నమ్మకం పెరుగుతుంది.

కోస్తా_కవిత
దీనికి సముద్రపు పాముల్లోనే ఒక ఉదాహరణ ఉంది. ముక్కు కిందికి వంగినట్టు ఉండే బీక్డ్ సీ స్నేక్ మన తూర్పు తీరంలో మామూలుగా కనిపించేదే. ఆస్ట్రేలియా వైపు కూడా అచ్చం అలాగే ఉండే పాము ఉంది. రెండూ ఒకే జాతి అనుకున్నారు. 2013లో డీఎన్ఏ పోల్చి చూస్తే వాటి దగ్గరి బంధువులు వేర్వేరు. అదే ముక్కు, అదే వాలకం, రెండు చోట్లా విడిగా వచ్చాయి. ఆస్ట్రేలియాలో తయారయ్యే సముద్రపు పాముల యాంటీవెనమ్‌కు వాడేది మన వైపు జాతి విషమే, కాబట్టి పేరు తేడా పుస్తకాల్లో ఉండిపోయే సంగతి కాదు.

ఇప్పుడు జంతువుల్లో సీఓఐ అనే జన్యువులో దాదాపు 650 అక్షరాల ముక్క చదివి జాతిని గుర్తుపట్టే పద్ధతి కూడా ఉంది, 2003 నుంచి వాడుకలోకి వచ్చింది. చిన్న కండ ముక్క ఉంటే చాలు. కానీ ఆ ముక్కను పోల్చడానికి ఎవరో ఒకరు ముందే పామును చేతిలో పెట్టుకుని పొలుసులు లెక్కపెట్టి పేరు ఖాయం చేసి ఉండాలి. ఆ పని తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు, నా బాధ అది.

రిటైర్డ్_మాస్టారు
పొలుసులు లెక్కపెట్టడం అంటే మన ఊరి చరిత్ర కూడా చెప్పాలి. ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి పరిశీలకుడిగా పనిచేసిన డాక్టరు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో ఉండి పాముల్నీ చేపల్నీ సేకరించాడు. ఏది విషపు పామో ఏది కాదో జనం గుర్తుపట్టే దారి ఉందా అన్నది ఆయన ప్రశ్న. ఒక్కో పాముకూ పొట్ట కింద పలకలెన్ని, తోక కింద పొలుసులెన్ని అని లెక్కలు రాసుకున్నాడు. 1796లో పాముల పుస్తకం వచ్చింది. 1803లో విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలూ బొమ్మలూ రెండు సంపుటాలుగా వచ్చాయి. ఇక్కడి జనం పిలిచే పేర్లే రాశాడు. రక్తపింజరకు ఆయన రాసిన పేరు "కాటుక రేకుల పొడ". ఇప్పుడు ప్రపంచమంతా దాన్ని రస్సెల్స్ వైపర్ అంటోంది.

జాలారిపేట_కుర్రోడు
అంటే ఆ పేర్లు చెప్పింది మా తాతల తాతలే అయ్యుంటారు మాస్టారూ. పుస్తకం మీద వాళ్ల పేర్లు మాత్రం ఉండవు.

రిటైర్డ్_మాస్టారు
ఉండవు బాబూ. చేపలు పట్టి తెచ్చినవాళ్ల పేర్లు ఆ కాలం పుస్తకాల్లో వెతికినా దొరకవు.

మోడరేటర్
చర్చ బాగుంది. రస్సెల్ గురించి ఇంకా మాట్లాడాలనుకునేవాళ్లు "మన ఊరి చరిత్ర" విభాగంలో కొత్త చర్చ మొదలుపెట్టండి. ఇక్కడ టీచర్‌గారి ప్రాజెక్ట్ మీదే ఉందాం.

వాసంతి_టీచర్
థాంక్యూ. పిల్లలు వాడుకునేలా ప్రశ్నల పట్టీ ఒకటి రాశాను. ఒక్కో ప్రశ్నకు అవును, కాదు అని జవాబు చెప్పుకుంటూ పోవాలి. చూసి సరిచేయండి.

ఒకటి: ఐదు భాగాలుగా ఉందా? అయితే అర్చిన్, నక్షత్ర చేప జట్టు. కాకపోతే రెండోదానికి.
రెండు: కీళ్ల కాళ్లున్నాయా? అయితే పీత, రొయ్య, బార్నకిల్ జట్టు. లేకపోతే మూడు.
మూడు: మెత్తగా, నోటి చుట్టూ మీసాల్లాంటి కొసలతో ఉందా? అయితే అనిమోన్, జెల్లీ జట్టు. కాకపోతే నాలుగు.
నాలుగు: గుల్ల ఉందా, బయటో లోపలో? అయితే నత్త, ఆల్చిప్ప, స్క్విడ్ జట్టు. కాకపోతే ఐదు.
ఐదు: వెన్నెముక ఉందా? అయితే చేప, పాము, తాబేలు, పక్షి, తిమింగలం. వీటికి ఇంకో పట్టీ.

కోస్తా_కవిత
చాలా బాగుంది. రెండు చోట్ల పిల్లలు ఇరుక్కుంటారు. రెండో ప్రశ్నలో, రాయి పొడిగా ఉన్నప్పుడు బార్నకిల్ కాళ్లు కనిపించవు. వాళ్లు "కాళ్లు లేవు" అని రాసి నాలుగోదానికి పోతారు, అది మళ్లీ నత్తల్లో చేరుతుంది. కాబట్టి "రాయికి సిమెంటులా అతుక్కుని, చుట్టూ చాలా పలకలు, పైన మూత ఉందా?" అని అక్కడే కలపండి. దాని పక్కనే టోపీలా ఉండే లింపెట్ కనిపిస్తుంది, అది నత్త చుట్టం. దాని గుల్ల ఒకే ముక్క. "పైన రంధ్రం ఉందా" అని మాత్రం అడగొద్దు, కొన్ని లింపెట్లకూ రంధ్రం ఉంటుంది. పలకలు లెక్కపెట్టమనండి.

మూడో ప్రశ్నకి స్క్విడ్ కూడా "అవును" అనేస్తుంది, దానికీ నోటి చుట్టూ చేతులున్నాయి కదా. "కళ్లు లేవు" అని చేర్చితే స్క్విడ్ పక్కకు తప్పుకుంటుంది. పెద్ద కళ్లు దానివి.

కెమెరా_కిరణ్
ఇంకోటి. ఒంటరి పీత సంగతేంటి? నత్త గుల్లలో దూరి ఉండేది. గుల్ల ఉంది, కీళ్ల కాళ్లూ ఉన్నాయి.

కోస్తా_కవిత
కీళ్ల కాళ్ల ప్రశ్న ముందు ఉంది కాబట్టి సరిగ్గానే పడుతుంది. ప్రశ్నల వరస మారిస్తే తప్పవుతుంది. వాసంతిగారు మంచి వరసే పెట్టారు. ఆ గుల్ల దాని సొంతం కాదు, అద్దె ఇల్లు. అందుకే పిల్లలు ఖాళీ గుల్లలను కూడా సంచుల కొద్దీ ఇంటికి తేకుండా చూడండి, వాటికి ఇళ్లు దొరకవు.

గాజువాక_గణేష్
నాచుల సంగతి వదిలేశారు. మొక్కలే కదా, అందులోనైనా పిల్లలు కరెక్టేనా?

రిటైర్డ్_మాస్టారు
అందులో ఇంకా పెద్ద చిక్కుంది గణేష్‌గారూ. మూడు రంగులు చెప్పారు కదా. పచ్చటి పలచని ఆకులా ఉండే అల్వా మన చెట్లకు నిజంగానే చుట్టం. ఎర్ర నాచులు కాస్త దూరపు చుట్టాలు. గోధుమ రంగు సర్గాసమ్ ఉంది చూడండి, కాడ, ఆకులు, ద్రాక్షల్లాంటి గాలి బుడ్డలు, అచ్చం మొక్కే అనిపిస్తుంది. దానికి చెట్లతో దగ్గరి చుట్టరికం లేదు. అది డయాటమ్ అనే ఏకకణ జీవులకు దగ్గర. సూర్యరశ్మితో తిండి చేసుకుంటుంది కాబట్టి మొక్కల పనే చేస్తుంది, కానీ ఆ ఇంటి పిల్ల కాదు. కుక్కగొడుగు ఇంకా విచిత్రం. అది మొక్కలకన్నా జంతువులకు దగ్గర.

1969లో విట్టేకర్ అనే శాస్త్రవేత్త జీవులన్నిటినీ ఐదు పెద్ద జట్లు, అంటే ఐదు రాజ్యాలన్నాడు. పాత పుస్తకాల్లో అదే ఉండేది. 1977లో కార్ల్ వోస్ అనే ఇంకో శాస్త్రవేత్త సూక్ష్మజీవుల్లోనే ఇంకో పెద్ద శాఖ ఉందని చూపించాక ఆ లెక్కా మారింది. పిల్లలకు "ఇదే ఆఖరి జాబితా" అని మాత్రం చెప్పకండి.

వాసంతి_టీచర్
అయితే నాచులకు "పచ్చ, ఎరుపు, గోధుమ" అని మూడు విడి గళ్లు పెడతాను. మొక్కలు అన్న శీర్షిక తీసేస్తాను. వాళ్లు కట్టిన మొదటి జట్ల కాగితం కూడా చించకుండా గోడకు పెడతాను, కొత్తది పక్కన. ఏ కాగితం చూసి ఏం ఊహించగలమో వాళ్లతోనే చెప్పిస్తాను.

రాజుగారూ, మీ నాప్లీలను మా బడి మైక్రోస్కోపు కింద చూపించడానికి కుదురుతుందా?

హేచరీ_రాజు
తప్పకుండా టీచర్‌గారూ. ముందురోజు ఫోన్ చేస్తే రొయ్య నాప్లీలు ఒక సీసాలో ఇస్తాను. బార్నకిల్‌వి మాత్రం దొరికితేనే. ఫిల్టర్‌కి ముందు నీళ్లు ఇంకో సీసాలో పట్టి ఇస్తాను, పిల్లలనే వెతకమనండి. ఏది ఏదో చీటీ అంటించను.

జాలారిపేట_కుర్రోడు
మేడమ్, ఈసారి అమావాస్యకో పున్నానికో దగ్గరగా వెళ్లండి, నీరు బాగా వెనక్కి పోతుంది, రాళ్ల గుంటలన్నీ బయటపడతాయి. పోటు తిరిగే టైము ముందే కనుక్కోండి. పచ్చ నాచు ఉన్న రాయి మీద కాలు పెట్టొద్దు, జారిపోతారు. పట్టున్న చెప్పులు వేయించండి. కావాలంటే నేనూ వస్తాను, సంద్రపు పాము కనిపిస్తే కర్ర నా దగ్గరుంటుంది.

ఎంవీపీ_అమ్మ
మా వాణ్ణి కూడా తీసుకురావచ్చా టీచర్‌గారూ? ఏడో తరగతి. సముద్రపు గుర్రం చేప అని రాసినవాడే.

వాసంతి_టీచర్
తీసుకురండి మేడమ్. వెన్నెముక ఉన్నవాటి పట్టీ ఇంకా రాయలేదు, అది వాడి చేతే రాయిద్దాం.